చావు పాట మాదే

నేను తిరువూరు వచ్చేనాటికి నా భర్త పోయి రెండేళ్ళు దాటింది. ఆ రెండేళ్ళూ బందరులో అత్తవారింట్లోనే ఉన్నాను. ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడేవారు కాదు. మామగారు పురాణం పెదవులతోనే చదువుకునేవారు. అత్తగారు వంటింట్లో ఇత్తడి గిన్నె దించినా చప్పుడు వినపడేది కాదు. మా ఆయన కామెర్లతో పోయిన రోజు కూడా ఆ ఇల్లు అలాగే ఉంది. మా వాళ్ళలో శవం ముందు మేళం ఉండదు. మంత్రాలు చదివారు, తీసుకెళ్ళిపోయారు. నాకు లోపలినుంచి ఏడుపు తన్నుకొస్తుంటే ఎవరో పెద్దావిడ నా నోటికి కొంగు అడ్డం పెట్టి, "ఊరుకో తల్లీ, మీ మామగారు అసలే గుండె జబ్బు మనిషి" అంది. ఊరుకున్నాను. తర్వాత ఏడవొచ్చులే అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు కూర్చున్నా కళ్ళు పొడిగానే ఉండేవి.

పెళ్ళికి ముందే బి.ఎడ్. పూర్తి చేసి ఉండటంతో ఉద్యోగం దొరికింది. ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాలి. మా అన్నయ్య ట్రంకుపెట్టెతో సహా నన్ను బస్సులో తీసుకొచ్చి, బజారు వెనక వీధిలో ఒక గది చూసిపెట్టి, మర్నాడు మద్రాసు వెళ్ళిపోయాడు. ఇంటివాళ్ళు పెనుగొలను రైతులు, పిల్లల చదువుల కోసం ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారు. ఇంటావిడ మంచిది. మజ్జిగ ఇచ్చేది, నీళ్ళు తోడించేది. ఆవిడకి నాతో మాట్లాడాలనే ఉండేది కాని ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. పక్కింటి పేరంటాల గురించి మొదలుపెట్టి, మధ్యలో నా నుదురు చూసి ఆపేసేది.

బడి ఉన్నంతసేపూ బాగుండేది. పిల్లల గోలలో నా గొంతు నాకే గట్టిగా వినపడేది. సాయంత్రం గది తలుపు తీసినప్పటినుంచి మొదలయ్యేది అసలు బాధ. కుంపటి వెలిగించి ఒక్క మనిషికి అన్నం వండుకోవడం నాకు చాలా కాలం చేతకాలేదు. ఎప్పుడూ మిగిలిపోయేది. ఆదివారాలైతే పొద్దున్నించి ఒక్క మాటా మాట్లాడకుండా గడిచిపోయేది. ఒకసారి పాలవాడు ఏదో అడిగితే బదులు చెప్పబోయి గొంతు పెగలక దగ్గాను.

మా అన్నయ్య ఒక సెలవుకి వచ్చినప్పుడు మద్రాసు బర్మా బజారులో కొన్న చిన్న టేప్ రికార్డరు తెచ్చి ఇచ్చాడు. "ఎవరి గొంతో ఒకటి వినపడుతుంటే తోడుగా ఉంటుందే" అన్నాడు. దాంతోపాటు ఒక భక్తిపాటల క్యాసెట్టు, ఒక ఖాళీ క్యాసెట్టు. భక్తిపాటలు కొన్నాళ్ళు విన్నాను. తర్వాత అదీ అలమరలోకి వెళ్ళింది.

మా ప్రహరీ గోడకి అవతల ఇంటివాళ్ళదే ఒక పత్తి గోడౌను ఉండేది. పత్తి వచ్చేదాకా అది ఖాళీ. నేను వచ్చిన మరుసటి వేసవి చివర్లో, బళ్ళు తెరిచాక, ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటున్నాను. ఉన్నట్టుండి గోడ అవతల ఉరుము ఉరిమినట్టయింది. దాని వెనకే బాకాలు ఒక్కసారిగా గొంతు చించుకున్నాయి. చేతిలో కలం జారి పేజీ మీద ఎర్రసిరా గీత పడింది. బ్యాండు మేళం వాళ్ళు. పెళ్ళిళ్ళకీ చావులకీ వాయించే మేళం. వానాకాలం సాధన చేసుకోవడానికి గోడౌను అద్దెకి తీసుకున్నారట.

నాలుగు రోజులు ఓర్చుకుని ఇంటావిడ దగ్గరికి వెళ్ళాను.

"నేనేం చెయ్యనమ్మా, మా ఆయన మాట ఇచ్చేశాడు" అందావిడ. "నాకూ చెవులు గింగురుమంటన్నాయి. మా గేదె పాలు సరిగా ఇయ్యట్లేదు. నువ్వే ఎళ్ళి చెప్పు పంతులమ్మా. నువ్వు చెపితే ఇంటారు."

వెళ్ళాను. గోడౌను తలుపు దగ్గర నన్ను చూసి అందరూ వాయిద్యాలు దించేశారు. ఏడెనిమిది మంది మగవాళ్ళు, బనియన్లతో, చెమటలతో. వాళ్ళ పెద్ద యాభై దాటిన మనిషి, బక్కపల్చగా ఉన్నాడు, చేతిలో క్లారినెట్. మిలిటరీ బ్యాండులో పనిచేసి వచ్చినవాడట. మేళంలో అందరూ ఆయన్ని మాస్టారు అనే పిలిచేవారు. పెద్ద డ్రమ్ము వాయించేవాడు ముప్పై ఏళ్ళ భారీ మనిషి. ఆ డ్రమ్ము అతని పొట్ట మీద చిన్నదిగా కనపడింది.

"మీకు ఇబ్బందిగా ఉందాండి?" అని మాస్టారే ముందు అడిగాడు. "మీరు బళ్ళోకి ఎళ్ళిన టైములో వాయించుకుంటాం లెండి. మీరొచ్చేసరికి ఆపేస్తాం. ఆదివారం అసలు రాం."

ఆ మాట నిలబెట్టుకున్నారు. నేను వచ్చేసరికి గోడౌనుకి తాళం ఉండేది. నా గది మళ్ళీ ఎప్పటిలా అయిపోయింది.

తర్వాత కొద్దిరోజులకే మా వీధిలో ఒక ముసలావిడ పోయింది. బాగా కలిగిన ఇల్లు. ఊరేగింపు మా గుమ్మం ముందునుంచే వెళ్ళాలి. బడి లేని రోజు. ఇంటావిడ నన్ను లోపలికి రమ్మంది. నేను వినకుండా గేటు పట్టుకుని నిలబడ్డాను.

ముందు పెద్ద డ్రమ్ము ఒక్కటే వచ్చింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య చాలా ఎడం. ఇంక కొట్టడేమో అనుకున్న తర్వాత ఇంకో దెబ్బ పడేది. శవం మా గుమ్మానికి దగ్గరపడేసరికి బాకాలన్నీ ఒక్కసారి లేచాయి. అది సినిమా పాట కాదు, కీర్తన కాదు. రాగమని చెప్పడానికి లేదు. పిల్లో పిల్లవాడో తప్పిపోతే సంతలో తల్లి పెట్టే కేకలాంటిది. దాని మీద మాస్టారి క్లారినెట్ పైకి, ఇంకా పైకి వెళ్ళి, పగిలిపోయినట్టయి, మళ్ళీ మొదలయ్యేది. ఆ చప్పుడుకి గేటు ఇనుము నా చేతుల్లో వణికింది.

ఊరేగింపు వీధి మలుపు తిరిగాక చూసుకుంటే నా జాకెట్టు ముందుభాగమంతా తడిసిపోయి ఉంది. ఆయన పోయాక నేను ఏడవడం అదే మొదటిసారి. పోయినావిడ ఎవరో కూడా నాకు సరిగా తెలియదు.

మర్నాడు బడినుంచి పెందలాడే వచ్చి గోడౌనుకి వెళ్ళాను. నన్ను చూడగానే మాస్టారు కంగారుపడ్డాడు. "టైమైపోయిందాండి? ఆపేస్తన్నామండి, ఇదిగో."

"ఆపొద్దు మాస్టారూ. ఇకనుంచి సాయంత్రాలే వాయించుకోండి. ఆదివారాలు కూడా."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను నిన్నటి పాట గురించి అడిగాను, అది ఎవరి పాట అని.

"అది మాదేనండి" అన్నాడు మాస్టారు. "పెళ్ళిలో వాయించేయి సినిమావాళ్ళ పాటలు. చావు పాట మాదే."

"ఎవరి కోసం కట్టారు?"

"ఎవరికోసమనీ కట్టలేదమ్మా. శవాల ముందు నడుస్తా నడుస్తా ఉంటే అదే వచ్చింది. ఒకడు ఓ ముక్క కలిపాడు, ఇంకోడు ఇంకో ముక్క. అసలు బయటికి ఎట్టా ఇనపడుద్దో మాకు తెలవదు. మేం ఎప్పుడూ దాని మధ్యలోనే ఉంటాం కదా."

ఆ మాట విన్నాక అలమరలో ఉన్న టేప్ రికార్డరు గుర్తొచ్చింది. మీ పాట అందులో పట్టి వినిపిస్తానని చెప్పాను. డ్రమ్ము అతను గట్టిగా నవ్వి, "మా మోతకి మీ మిషను పేలిపోద్దండీ టీచరమ్మగారూ" అన్నాడు. మాస్టారు నవ్వలేదు. "నిజంగా పడుద్దాండి?" అని అడిగాడు.

ఆషాఢంలో ఒక ఆదివారం రికార్డు చేశాం. పెళ్ళిళ్ళు లేని నెల, అందరూ ఖాళీ. వాళ్ళు ఊరేగింపుకి వేసుకునే ఎర్రకోట్లు వేసుకుని వచ్చారు. ఎందుకని అడిగితే, "మొదటి రికార్డు కదండీ" అన్నాడు బాకా ఊదే ఆయన, సిగ్గుపడుతూ. పెళ్ళి పాటలు కూడా కొన్ని పెడదామని వాళ్ళలో ఇద్దరు అన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. అన్నీ చావు పాటలే, క్యాసెట్టు రెండువైపులా.

ముందు రికార్డరుని వాళ్ళ మధ్యలో స్టూలు మీద పెట్టాం. వేసి చూస్తే బర్రుమని ఒకటే గీకుడు తప్ప ఏమీ లేదు. గోడౌను చివరికి జరిపాం. అదే గీకుడు. తలుపు బయట పెట్టాం. చివరికి దాన్ని నా తుండుగుడ్డలో చుట్టి, ప్రహరీ గోడ మీద రెండు ఇటుకల మధ్య కూర్చోబెడితే కొంచెం మనిషి చెవికి అందేలా వచ్చింది. వర్షాకాలపు తేమకి డ్రమ్ము చర్మం వదులైపోతుంటే మధ్యమధ్యలో గడ్డి మంట వేసి కాచేవారు. నేను గోడ పక్కన నిలబడి మీట నొక్కడం, చెయ్యి ఊపడం. నేను చెయ్యి ఊపినప్పుడల్లా ఆ భారీ మనిషి పరీక్ష రాసే పిల్లవాడిలా పెదవి కొరుక్కుని కొట్టేవాడు.

రెండో పాట సగంలో ఇంటావిడ గేదె అరిచింది. ఆవిడ పెరట్లోంచి, "ఎవర్రా అక్కడ, గేదెని కట్టెయ్యండ్రా!" అని కేక వేసింది. అదీ పడింది. మళ్ళీ వాయిద్దామా అని అడిగాను. "ఉండనీయండి" అన్నాడు మాస్టారు. "చావు ఊరేగింపులో గేదెలు అరవ్వా ఏంటి?"

పొద్దువాలేసరికి అయిపోయింది. గోడౌను నేల మీద అందరం కూర్చున్నాం. క్యాసెట్టు వెనక్కి తిప్పి వేశాను. చిన్న మిషను, చిన్న స్పీకరు. లోపలినుంచి వాళ్ళ మోత గరుకుగా, అంచులు చిరిగినట్టు వచ్చింది. డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా మిగతా వాయిద్యాలన్నీ ఒక క్షణం మునిగిపోయి తేలుతున్నాయి. బాకా ఆయన తన తప్పు ఒకటి వినపడి నాలుక కరుచుకున్నాడు.

అయ్యాక డ్రమ్ము అతనే ముందు నోరు తెరిచాడు. "ఇంత భయంగా ఉంటదా మనది?"

"భయం కాదురా" అన్నాడు మాస్టారు. "నేను ఇన్నాళ్ళూ ఏడుస్తన్నాం అనుకున్నాను. ఇది ఏడుపు కాదు. పోట్లాట. ఎందుకు తీసుకెళ్తన్నావని ఎవడితోనో పోట్లాడతన్నాం." ఆయన క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. చీకటి పడుతోందని నేనే లేచాను.

ఆ వారాలు నా తిరువూరు జీవితంలో వేరుగా ఉంటాయి. సాయంత్రం గోడ అవతల వాళ్ళు, ఇవతల నేను. నేను వెళ్ళేదాన్ని కాదు, వాళ్ళు వచ్చేవారు కాదు. అన్నం ఉడుకుతుంటే డ్రమ్ము వినపడేది. ఏ పాట తర్వాత ఏది వస్తుందో నాకు తెలిసిపోయింది.

ఆ క్యాసెట్టుని పెద్ద రికార్డుగా వేయించవచ్చేమో అన్న ఆశ మాస్టారికి ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. బెజవాడలో రికార్డుల షాపాయన ఒకడు మద్రాసు కంపెనీలకి పాటలు పంపిస్తాడట. "ఆయనతో మాట్లాడాలంటే మాకు నోరు రాదండి. మీరొక్కసారి వస్తే..." అన్నాడు. బడి సెలవు చూసుకుని నేను, మాస్టారు, డ్రమ్ము అతను పొద్దున బస్సుకి బెజవాడ వెళ్ళాం. నేను ముందు ఆడవాళ్ళ సీట్లో, వాళ్ళిద్దరూ వెనకెక్కడో. మైలవరంలో బస్సు ఆగినప్పుడు మాస్టారు కిటికీలోంచి నాకు సోడా అందించాడు.

షాపాయన మర్యాదస్తుడే. క్యాసెట్టు పెట్టి విన్నాడు. మొదటి పాట సగం కూడా కాకముందే ఆపేసి నా వైపు చూశాడు.

"ఏంటండి ఇది?"

"చావు మేళం పాటలు. వీళ్ళ సొంతవి."

"అమ్మా, మీరు చదువుకున్నవారు. మీరే చెప్పండి, ఇది ఎవరైనా కొనుక్కెళ్ళి ఇంట్లో పెట్టుకుంటారా? ఇల్లన్నాక శుభం పలకాలి." తర్వాత మాస్టారి వైపు తిరిగి, "సినిమా పాటలు వాయించుకురా పెద్దాయనా, చూద్దాం" అన్నాడు.

బయటికొచ్చాక డ్రమ్ము అతను, "శుభమంట! ఈడు పోయినప్పుడు పిలుస్తారుగా, అప్పుడు ఇంటాడు" అని పడీపడీ నవ్వాడు. మాస్టారు కూడా నవ్వాడు కాని తిరుగు ప్రయాణమంతా కళ్ళు మూసుకునే కూర్చున్నాడు.

ఆ సోడా ఎవరు చూశారో, బస్సులో ఎవరున్నారో, వారం తిరగకుండా బళ్ళో హెడ్‌మిస్ట్రెస్ గదికి పిలుపు వచ్చింది. ఆవిడ కోప్పడలేదు. "మీ పరిస్థితిలో ఉన్నవాళ్ళు కొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలమ్మా" అంది. ఇంటికొస్తే ఇంటావిడ గుమ్మంలోనే ఉంది.

"నేనేమీ అనుకోనమ్మా. నీ సంగతి నాకు తెలవదా? కానీ మేళపోళ్ళతో బెజవాడ ఎళ్ళిందంట పంతులమ్మ అని నీళ్ళకాడ అనుకుంటన్నారు. మా ఆయన చెవిన కూడా పడింది."

ఆ రోజు నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఎవరిమీద చూపించాలో తెలియలేదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని అన్నం వండుకోకుండా పడుకున్నాను. మర్నాడు సాయంత్రం గోడ అవతల చప్పుడు లేదు. ఆ తర్వాత రోజూ లేదు. శనివారం నేను బడినుంచి వస్తుంటే మాస్టారు వీధి మొదట్లో, పదిమందీ చూసేచోట నిలబడి ఉన్నాడు.

"గోడౌను ఖాళీ చేశామండి" అన్నాడు. "గంపలగూడెం రోడ్డులో షెడ్డు దొరికింది."

"నా వల్లనా?"

"మా వల్ల మీకు మాట రాకూడదండి. మాకేముంది, ఎక్కడైనా వాయించుకుంటాం."

నేను క్యాసెట్టు తెచ్చిస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. "మా ఎవ్వరింట్లో మిషను లేదు కదండీ. మీ దగ్గరుంటే ఎప్పుడైనా మోగుద్ది" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నా మంచికోసమే వెళ్ళాడు. ఆ మంచితనం తర్వాత గోడ అవతల మిగిలిన నిశ్శబ్దం మొదటి ఏడాది కంటే బరువుగా ఉంది. క్యాసెట్టు ఒకటి రెండుసార్లు వేశాను. ఇంటావిడకి వినపడకూడదని సౌండు తగ్గించి, చెవి ఆనించి వినేదాన్ని. ఆ పాట అలా వినేది కాదు. అలా వింటే దోమ రొదలా ఉండేది.

దసరా సెలవులకి బందరు వెళ్ళాను. టేప్ రికార్డరు కూడా తీసుకెళ్ళాను, ఎందుకో నాకే తెలియదు. ఒక మధ్యాహ్నం మామగారు గుడిలో ఏదో సభకి వెళ్ళారు. అత్తగారు వంటింట్లో కూర తరుగుతున్నారు. నేను వెనక గదిలో కూర్చుని మీట నొక్కాను. మామూలుకంటే కొంచెం పెంచాను.

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. "ఏమిటే అది?"

"చావు మేళం అత్తయ్యా. తిరువూరులో మా గోడ అవతల వాయించేవారు."

ఇంట్లో అలాంటివి వేస్తావా అంటారనుకున్నాను. ఆపడానికి చెయ్యి కూడా చాపాను. ఆవిడ అలమరకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. డ్రమ్ము దెబ్బలు పడుతున్నాయి. బాకాలు లేచాయి. ఆవిడ చూపు నేల మీదే ఉంది.

"సౌండు పెంచు" అన్నారు.

"పక్కింటివాళ్ళకి వినపడుతుందేమో."

"విననీ."

పెంచాను, చివరిదాకా. ఆ ఇంటి గోడలు అలాంటి చప్పుడు ఎన్నడూ విని ఉండవు. అత్తగారు నోరు తెరిచి ఏడ్చారు. "నాయనా" అని ఒకే మాట, మళ్ళీ మళ్ళీ. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. అప్పటిదాకా నేను ఆయన్ని నా భర్తగానే పోగొట్టుకున్నానని అనుకున్నాను. ఆయన ఆవిడ కొడుకు కూడా అని అంత దగ్గరగా ఎప్పుడూ తట్టలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని గట్టిగా పట్టుకున్నారు. కూరగాయల జిగురు ఇంకా ఆవిడ వేళ్ళకే ఉంది.

క్యాసెట్టు టక్కుమని ఆగింది.

"రెండోవైపు ఉందా?" అని అడిగారు అత్తగారు.

తిప్పి వేశాను. అది కూడా అయ్యాక ఆవిడ లేచి మొహం కడుక్కుని వంటింట్లోకి వెళ్ళారు. మామగారు వచ్చేసరికి వంట అయిపోయింది. ఆ తర్వాత ఆవిడ బతికున్నన్నాళ్ళూ మేం ఆ మధ్యాహ్నం గురించి ఒక్క మాటా అనుకోలేదు. సెలవుల ఆఖరున నేను బస్సెక్కుతుంటే మాత్రం, "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడిగారు. ఆ ప్రశ్న ఆవిడ నన్ను అంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

తిరువూరు వచ్చేసరికి గోడౌనునిండా పత్తి బోరేలు. ఆ చలికాలమంతా పేపర్లు దిద్దుకుంటూ గడిపాను. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక సాయంత్రం కూరగాయలు కొనుక్కుని బస్టాండు మీదుగా వస్తుంటే మేళం అంతా కనపడింది, ఎర్రకోట్లతో, వాయిద్యాలతో. వినగడప పెళ్ళికి వెళ్తున్నారట. నేను ఆగకుండా వెళ్ళిపోదామనుకున్నాను. మళ్ళీ ఆగాను.

"మాస్టారూ, బందరులో మా అత్తగారు విన్నారు మీ పాట."

ఆయన మొహం ఒక్కసారి మారిపోయింది. "ఏమన్నారండి?"

"రెండోవైపు కూడా వేయమన్నారు."

ఆయన వెనక్కి తిరిగి, "ఒరేయ్, ఇటు రా, టీచరమ్మగారు ఏం చెపుతున్నారో ఇను" అని డ్రమ్ము అతన్ని పిలిచాడు. అతను వచ్చేలోపు బస్సు కదలబోయింది. కండక్టరు అరుస్తున్నాడు. పెద్ద డ్రమ్ముని టాపు మీదికి ఎక్కించే హడావుడిలో ఇద్దరూ అటు పరుగెత్తారు. మాస్టారు మెట్టు మీద నిలబడి నావైపు చెయ్యెత్తాడు. నేను కూరల సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని, తిరిగి చెయ్యెత్తి, దుమ్ము అణిగేదాకా అక్కడే ఉండి, ఇంటికి నడిచాను.